ఏడో ఏటి పీట

తీరిక లేనివాళ్ళకి తీరిక అమ్ముకుని బతుకుతుంది కాకలి ఘోషాల్. సొంత పెళ్ళిరోజు గుర్తుండని డాక్టర్లు, కూతురి పుట్టినరోజుకి విమానంలో ఉండే కంపెనీ పెద్దలు, వీళ్ళందరి తరఫునా గుర్తుపెట్టుకోవడమే ఆమె పని. గంగ మీద పడవ, పడవలో సితారు, అరిటాకులో ఆవపిండి పెట్టి వండిన ఇలిష్ చేప, అన్నీ ఆమె సిద్ధం చేస్తుంది. వాళ్ళు వచ్చి కూర్చుంటే చాలు. ఏ పాటకి ఎక్కడ తల ఊపాలో కూడా చిన్న చీటీ మీద రాసి ముందే పంపుతుంది. నవ్వకండి, ఆ చీటీకే గిరాకీ ఎక్కువ.

దుర్గాపూజ ఐదు రోజులూ ఆమెకి పంట చేతికొచ్చే రోజులు. ఉత్తర కలకత్తాలో రాయ్ చౌధురీల పాత ఇల్లుంది. రెండు వందల ఏళ్ళుగా అమ్మవారిని నిలబెడుతున్నారు. గోడలకి సున్నం రాలిపోయింది గాని పరువు రాలలేదు. ఆ ఇంటి నడిమి వాకిట్లో కుర్చీ దొరకడం మామూలు మాట కాదు. కాకలికి దొరుకుతుంది. ఎందుకంటే వాళ్ళమ్మ ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు అమ్మవారి నైవేద్యాలు వండింది. చనిపోయేముందు ఆ ఇంటి పెద్దావిడ సౌదామిని చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, "నా మనవరాలిని ఏడో ఏట పీట మీద కూర్చోబెట్టండమ్మా" అని. సౌదామిని సరేనంది.

అష్టమి పొద్దున ఏడేళ్ళ బ్రాహ్మణపిల్లని పీట మీద కూర్చోబెట్టి సాక్షాత్తూ దుర్గగా పూజ చేస్తారు అక్కడ. ఆరూ కాదు, ఎనిమిదీ కాదు, ఏడే. ఏడేళ్ళ దేవికి మాలిని అని పేరు. ఒంటి మీద గాటు ఉండకూడదు, రక్తం చుక్క కనబడకూడదు, ఆ పొద్దున ఏమీ తినకూడదు. అది ఆ ఇంటి ఆచారం.

కాకలి కూతురు ఝినుక్‌కి ఈ శ్రావణంలోనే ఏడు వచ్చాయి. తండ్రి దుర్గాపూర్‌లో వేరే కాపురం పెట్టి చాలాకాలమైంది కాబట్టి ఇంట్లో ఉండేది తల్లీ కూతుళ్ళిద్దరే. మూడు నెలలుగా కాకలి ఆ పిల్లని కంటికి రెప్పలా కాచింది. చక్రాల బూట్లు అటక ఎక్కించింది. దోమ కుడితే గోక్కుంటుందని సాయంత్రం ఆరింటికే దోమతెర దించేది. గోళ్ళు తనే తీసేది. ఝినుక్ కూడా ఏమన్నా తక్కువా? ఇంటికొచ్చిన పాలవాడికి కూడా గౌను ఎత్తి మోకాళ్ళు చూపించేది. "చూడు, ఒక్క గీత కూడా లేదు. నేను అమ్మవారిని."

చవితినాటి సాయంత్రం ముంబయి నుంచి ఫోనొచ్చింది. ఐంద్రిలా సాన్యాల్. పెద్ద లాయరు, పుట్టింది కలకత్తాలోనే అయినా ఇప్పుడు ఆవిడ క్యాలెండర్లో కలకత్తాకి ఏడాదికి రెండు రోజులు. కాకలి ఆహ్వానపత్రాలు మడతపెడుతూ ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేసింది. పక్కనే ఝినుక్ రంగులు వేసుకుంటోంది.

"కాకలీ, నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కూర్చుని చూడ్డం, తినడం, అంతేనా? అది అందరూ చేసేదే. ఆ పీట మీద ఒక పిల్లని కూర్చోబెడతారే, మా తియాషాకీ ఏడే. దాన్ని కూర్చోబెట్టు."

"దీదీ, దానికి ముందే అనుకున్న పిల్ల ఉంటుంది..."

"ఎవరి పిల్ల? ఆ ఇంటివాళ్ళదా?"

"కాదు."

"మరి?"

ఇదిగో, ఇక్కడ రెండు ముక్కలు చాలు. నా పిల్ల దీదీ, అంటే సరిపోయేది. కాకలి మడత పెడుతున్న కాగితం అంచు వేలితో గట్టిగా నొక్కింది.

"ఎవరో వంటావిడ మనవరాలట దీదీ. సర్దుబాటు అవుతుంది."

"అయితే సర్దు. ఇంకేం వివరాలొద్దు నాకు. చూడు, ఏడాదంతా దాని మొహం చూసే టైం లేదు నాకు. ఒక్కరోజైనా నా కూతురు దేవతలా ఉండాలి. ఈ అష్టమి బాగా జరిగిందంటే మా కంపెనీ దీపావళి, మా వాళ్ళ పెళ్ళిరోజులు, అన్నీ నీకే."

కన్నతల్లికి ఆ మాట నోటికెలా వచ్చిందని అడుగుతారు మీరు. వచ్చింది. పదేళ్ళుగా అడిగినదానికల్లా అవునని చెప్పి చెప్పి, కుదరదు అనడం ఎలాగో మరిచిపోయింది. పైగా అబద్ధమా అంటే అబద్ధమూ కాదు. ఝినుక్ నిజంగా వంటావిడ మనవరాలే.

ఫోన్ పెట్టేశాక కూతురి పక్కన కూర్చుంది.

"ఝినుక్, అమ్మవారు ఈసారి ఇంకో పిల్లని కోరుకుందమ్మా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఫోన్లోనా?"

కాకలి మడతపెట్టిన ఆహ్వానపత్రాలు సర్దింది. ఝినుక్ ఎర్ర రంగు పెన్సిల్ డబ్బాలో పెట్టి నీలం తీసుకుంది. ఏడుస్తుందేమోనని కాకలి చాలాసేపు చూసింది గాని, నోట్లో వేలు పెడితే కొరకడం తెలియని పిల్లలా రంగులు వేసుకుంటూ కూర్చుంది. హమ్మయ్య అనుకుంది తల్లి.

మర్నాడు సౌదామిని దగ్గరికి వెళ్ళింది. ఎనభై ఏళ్ళ మనిషి, తెల్లచీర, స్తంభం పక్కన పేము కుర్చీలో కూర్చుని కొబ్బరి లడ్డూలు లెక్కపెట్టిస్తోంది. విన్నంతసేపూ కళ్ళు లడ్డూల మీదే ఉన్నాయి.

"అంటే మీ అమ్మకి నేనిచ్చిన మాట నువ్వే వెనక్కి ఇచ్చేస్తున్నావు."

"వాళ్ళూ బ్రాహ్మలే పెద్దమ్మా. పిల్లకి ఏడేళ్ళే. పెద్ద కుటుంబం, మన ఇంటికీ పేరొస్తుంది."

"మన ఇంటికా?" సౌదామిని అప్పుడు తలెత్తింది. "పేరు లేక కూర్చున్నామా మేము? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నీ విషయంలో దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు. కన్నతల్లే ఇవ్వడం లేదు."

"పెద్దమ్మా..."

"నాకేం పోయింది? పీట మీద ఏడేళ్ళ పిల్ల ఉంటే చాలు. నీ కూతురు, నీ ఇష్టం. కానీ ఆ చీర దాని కొలతకి కుట్టించాం. ఇప్పుడింకోటి కుట్టేవాడెవడూ లేడు. ఎలా చుట్టుకుంటావో చుట్టుకో."

అష్టమి పొద్దున ఐంద్రిలా చెవుల్లో తెల్ల ఫోను గొట్టాలు పెట్టుకునే దిగింది. కారులోంచి దిగేటప్పుడు ఎవరితోనో ఇంగ్లీషులో వాదిస్తోంది. తియాషా బొద్దుగా, ముద్దుగా ఉంది పాపం. తన తప్పేం లేదు. ఝినుక్ కోసం కుట్టిన ఎర్ర బెనారసీ చిన్నచీర ఆ పిల్లకి నడుం దగ్గర అందలేదు. ఎనిమిది పిన్నీసులు పెట్టాల్సొచ్చింది. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని కాకలి వెనక్కి చెయ్యి చాపింది.

"ఝినుక్, ఇంకో పిన్నీసు."

ఝినుక్ అందించింది. మామూలు గౌను వేసుకుని, పిన్నీసుల గుత్తి గుప్పిట్లో పట్టుకుని, అడిగినప్పుడల్లా ఒకటి తెరిచి అందించింది. సరిపోని రవికె చంకలో కుట్లు విప్పి పిన్నీసు పెడుతుంటే తియాషా కదిలింది.

"కదలకు. గుచ్చుకుంటే రక్తం వస్తుంది. రక్తం వస్తే నువ్వు అమ్మవారివి కావు," అంది ఝినుక్.

"భలే తెలివైన పిల్ల కాకలీ," అంది ఐంద్రిలా, చెవి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి. "ఎవరీ పిల్ల?"

"మా అమ్మాయే దీదీ."

"ఓ, మంచిది. తియాషాకి విసనకర్ర పట్టమను. ఉక్కగా ఉంది."

ఝినుక్ విసనకర్ర పట్టింది. ఆ పొద్దున ఆ పిల్ల ఏమీ తినలేదు. కాకలి ముందురోజే లూచీ పూరీలు చేసి డబ్బాలో పెట్టింది, డబ్బా తెరవనే లేదు. పని హడావిడిలో తల్లి అది చూడలేదు.

ఢాక్ డప్పులు మోగాయి. పురోహితుడు భట్టాచార్యగారు తియాషా కాళ్ళు పళ్ళెంలో కడిగారు. పారాణి పెట్టారు. తలమీద పూలకిరీటం, చేతిలో తామరపువ్వు. పొగకి కళ్ళు నీళ్ళు కారుతున్నా పిల్ల బుద్ధిగానే కూర్చుంది. ఇక అసలు పూజకి ముందు ఇంటివాళ్ళూ అతిథులూ వరసగా వచ్చి పాదాలకి దండం పెట్టుకోవాలి. సౌదామిని పెట్టుకుంది. జడ్జిలు, కంపెనీ పెద్దలు, వాళ్ళ భార్యలు, కాకలి రాసిచ్చిన చీటీ ప్రకారం కుడిపాదం ముందు, ఎడమపాదం తరవాత పట్టుకున్నారు. ఐంద్రిలా తన కూతురి కాళ్ళకి తనే మొక్కుతూ ఫొటో తీయించుకుంది. కాకలి మొక్కింది. చివర్లో ఝినుక్.

ఝినుక్ మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించింది. కాస్త ఎక్కువసేపే ఉంది. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు.

తియాషా కేక పెట్టింది. ఢాక్‌ల చప్పుడులో మొదట ఎవరికీ వినబడలేదు, నోరు తెరవడం మాత్రం కనబడింది. సౌదామిని చెయ్యెత్తింది. డప్పులు ఆగిపోయాయి.

"గుచ్చింది! కాలు గుచ్చింది!"

కాకలి ఒక్క అంగలో పీట దగ్గరికి వచ్చి పడింది. బొటనవేలి మీద ఎర్రగా ఉంది. "ఏం లేదు పెద్దమ్మా, పారాణి. తడి ఆరలేదు, అంతే."

సౌదామిని వంగి తన తెల్లచీర కొంగుతో ఆ వేలు శుభ్రంగా తుడిచింది. అందరూ చూస్తున్నారు. చర్మం మీద చిన్న బొట్టు మళ్ళీ ఊరింది.

"పారాణి తుడిస్తే మళ్ళీ ఊరుతుందా కాకలీ?"

భట్టాచార్యగారు పంచాంగం వైపు చూశారు. "రక్తం కనబడ్డాక ఈ పిల్లకి పూజ చెల్లదమ్మా. ఘడియ పావుగంటలో దాటిపోతుంది."

"దాటనివ్వడమెందుకు?" అంది సౌదామిని. "ఇంకొకతె ఉందిగా. అసలు పీట ఎవరిదో వాళ్ళే ఉన్నారు. మూడు నెలలు ఒంటి మీద గీత పడకుండా కాపాడుకుంది. చీర దాని కొలతే. ఝినుక్, పొద్దున ఏమైనా తిన్నావా?"

"లేదు," అంది ఝినుక్. 

"ఎవరు తినొద్దన్నారు?"

"ఎవరూ అనలేదు."

"రా. వచ్చి కూర్చో."

ఐంద్రిలా ఆ రోజు మొదటిసారి చెవుల్లోంచి గొట్టాలు తీసింది. "ఒక్క నిమిషం. ఆ వంటావిడ మనవరాలు అన్నావే, అది నీ కూతురా?"

కాకలి ఝినుక్ వైపు చూసింది.

"అర్థమైంది. దాని పీట పోయిందని, నా కూతురి కాలు పొడిపించావు. పిన్నీసులు దాని చేతికిచ్చింది నువ్వే. ఇరవై ఏళ్ళుగా కోర్టుల్లో ఇలాంటి తెలివి చూస్తూనే ఉన్నాను."

"లేదు దీదీ. పిల్ల మీద ఒట్టు."

"ఏ పిల్ల మీద?"

వాకిట్లో వందమంది. కుర్చీలన్నీ కాకలి అమ్మినవే, కూర్చున్నవాళ్ళందరూ కాకలి మనుషులే. ఈ సాయంత్రానికి ఒక్కొక్కరూ ఇంకో పదిమందికి చెబుతారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. చించుకోవడానికి సిద్ధపడ్డవాళ్ళకి ఆ మాట చెప్పి లాభం లేదు.

కాకలి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పిన్నీసు ఇలా ఇవ్వు."

ఝినుక్ ఇచ్చింది.

"చెయ్యి ఇవ్వు."

పీట దగ్గరికి నడిపిస్తుందనుకుంది పిల్ల. వెంటనే కుడిచెయ్యి చాపింది. మొహం వెలిగిపోయింది.

కాకలి ఆ చేతి ఉంగరపు వేలు పట్టుకుని పిన్నీసు గుచ్చింది. ఝినుక్ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది గాని తల్లి వదల్లేదు. బొట్టు బాగా పైకి వచ్చేదాకా వేలు పిండి, ఐంద్రిలా వైపు ఎత్తి చూపించింది.

"చూడండి దీదీ. ఇప్పుడు ఇదీ పనికిరాదు. కావాలని చేయించిన మనిషినైతే ఈ పని చేస్తానా? చెప్పండి."

 సౌదామిని కాకలి మొహంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. "మీ అమ్మ ఇరవై ఏళ్ళు నిప్పు దగ్గర కూర్చుంది ఈ ఇంట్లో. చెయ్యి కాల్చుకుందిగాని ఎవర్నీ కాల్చలేదు," అంది. తరవాత పురోహితుడితో, "పీట మీద పువ్వు పెట్టి కానివ్వండి," అంది.

ఖాళీ పీట మీద తామరపువ్వు పెట్టారు. ఢాక్‌లు మళ్ళీ అందుకున్నాయి.

ఐంద్రిలా తియాషాని ఎత్తుకుంది, చీరతో సహా. గుమ్మం దాటబోతూ కాకలి దగ్గర ఆగింది. కోపం పోయింది ఆవిడకి. మనిషిని కొలిచి చూసి, సరిపోయింది అనుకున్నట్టు తల ఊపింది.

"సరే, నమ్ముతున్నాను. పని కోసం ఇంతదాకా వెళ్ళే మనిషే కావాలి నాకు. దీపావళి నువ్వే చూడు. రేపు కాగితాలు పంపిస్తా." చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, ఆగిపోయిన వాదన అందుకుంటూ కారెక్కింది.

 కాకలి కూతుర్ని స్తంభం చాటుకి తీసుకెళ్ళి వేలికి జేబురుమాలు చుట్టింది. ముడి రెండుసార్లు జారింది.

"నొప్పిగా ఉందా తల్లీ? ఏం చేయను చెప్పు, అందరి ముందూ అలా అనేసింది. వచ్చే ఏడు నిన్నే కూర్చోబెడతా. పెద్దమ్మ కాళ్ళ మీద పడతా."

"వచ్చే ఏడు నాకు ఎనిమిది."

కాకలి ఆ చిన్న వేలు రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. ఝినుక్ ఏడవలేదు. తల్లి తల నిమిరింది. ఆ రోజు ఫోన్లో తల్లి అన్న మాటని, ఆ గొంతుతోనే, ఆ మర్యాదతోనే, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"ఎవరో వంటావిడ మనవరాలట దీదీ. సర్దుబాటు అవుతుంది."