వత్సల క్రెడిట్లు

"ఏ పేరు వెయ్యాలె? పుట్టింటిదా, అత్తింటిదా?" పెళ్లి సామాన్లు కొనడానికి వచ్చిన వాళ్లను నేను తప్పకుండా అడిగే మాట ఇది. మా స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మీద పేర్లు చెక్కేది నేనే. చాలామంది తల్లులు కాసేపు ఆలోచించి అత్తింటి పేరే వెయ్యమంటారు. నాందేడ్‌లో పెళ్లయితే ఆడపిల్లకు మారేది ఇంటిపేరు ఒక్కటే కాదు, అసలు పేరు కూడా. పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో అందులో కొత్త పేరు రాస్తాడు. తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్లకూ ఈ మరాఠీ ఆచారం పట్టుబడింది. మంచివి నేర్చుకోవడానికి ఏళ్లు పడతాయి గానీ ఇలాంటివి ఒక్క పెళ్లితోనే వచ్చేస్తాయి.

నేను నిజామాబాద్ నుంచి వత్సలగా వచ్చి రూపాలినయ్యాను. పేరెందుకు మార్చడమని మా అమ్మ నసుగుతూ అడిగితే, అత్తమ్మ అనుసూయాబాయి ఏమీ దాచుకోలేదు. "మా వదినె పేరు గుడ వత్సలనే. గా పేరు వెట్టి కోడలిని ఎట్ల తిట్టాలె?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిట్లకు అడ్డమొస్తుందని నా పేరు తీసి పక్కన పెడుతున్నారని అప్పుడు నా బుర్రకెక్కలేదు. ఆ తర్వాత ఆధార్‌లో రూపాలి అని మార్పించారు. పెళ్లి రిజిస్టర్ చేయించేటప్పుడు మా ఆయన నందకిషోర్ పెళ్లికూతురి పేరు దగ్గర కూడా రూపాలి అనే రాయించాడు. అన్నిచోట్లా ఒకటే పేరుంటే మంచిది, లొల్లి ఉండదు అన్నాడు.

పెళ్లికి ముందు బీఎస్సీ లెక్కలు రెండేళ్లు చదివాను. మూడో ఏడు నాందేడ్‌లో చదివిస్తామని పెళ్లిచూపుల్లో మాటిచ్చారు. తర్వాత నేను అడిగినప్పుడల్లా ఆయనకు ఏదో ఒకటి అడ్డం వచ్చేది. "పెండ్లిళ్ల సీజన్ పోనీ." సీజన్ పోయాక, "అమ్మకు మోకాళ్లు మంచిగ కానీ." ఆ మోకాళ్లు బాగయ్యేవి కావని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పొద్దున జొన్నరొట్టెలు కొట్టి దుకాణానికి, మధ్యాహ్నం వంటకు ఇంటికి, మళ్లీ దుకాణానికి. దుకాణానికొచ్చే గిరాకీల ముందు మాత్రం "దుకాణం ఈమె పేరు మీదనే ఉన్నది, ఓనరమ్మ" అని చూపిస్తాడు. ఆడవాళ్ల పేరున లోను సులువుగా దొరుకుతుందని అలా పెట్టారు. ఆ ఓనరమ్మ చెప్పులు తెగితే కొత్తవి కొనిపెట్టమని ఆయన్ని అడగాలి.

ఇప్పుడు చదువుల పద్ధతి మారింది. పాసైన సబ్జెక్టులు క్రెడిట్లుగా ఆన్‌లైన్ ఖాతాలో పడి ఉంటాయి. ఒక యూనివర్సిటీలో ఆపిన చదువును ఇంకో యూనివర్సిటీలో, ఆపిన చోటు నుంచే అందుకోవచ్చు. పాత కాలేజీకి ఫోన్ చేస్తే, "నీ రెండేళ్లూ ఎక్కించినమమ్మా, భద్రంగ ఉన్నయ్" అన్నారు. భద్రంగా ఉన్నాయి అనే మాట విని ఎన్నాళ్లయిందో. రోజంతా ఆ మాటే నోట్లో పెట్టుకు తిరిగాను. కాకపోతే ఏడేళ్లు దాటితే క్రెడిట్లు చెల్లవు. నా మొదటి సంవత్సరానివి ఈ జూన్‌తో ఆఖరు. డిగ్రీ అయితే బీఎడ్, బీఎడ్ అయితే ఏదో ఒక బళ్లో లెక్కలు చెప్పుకుంటాను. నేను కోరుకున్నది అంతే.

గురుద్వారా దగ్గర గిరాకీకి సామాను ఇచ్చొస్తానని చెప్పి కాలేజీకి వెళ్లాను. ఆఫీసులో క్లర్కు నాగనాథ్‌ది తెలంగాణ సరిహద్దులోని కుండల్‌వాడి. నా మరాఠీ వినగానే తెలుగులోకి దిగాడు, అక్కా అనడానికి 'తాయీ' అనే పిలుపు మాత్రం వదల్లేదు. నా కాగితాలన్నీ ఓపికగా చూశాడు.

"తాయీ, క్రెడిట్లు వత్సలయి. ఆధార్ల రూపాలి ఉన్నది. ఇద్దరొకటే అని ఏం చూపెడ్తరు?"

పెళ్లి సర్టిఫికెట్ ఇచ్చాను. చదివి తల గోక్కున్నాడు.

"గిండ్ల గుడ రూపాలే రాసిండ్రు గదా. గిట్లయితే వత్సలకు పెండ్లి కాలే. రూపాలి సదువుకోలే."

"పోనీ, మొదటి సంవత్సరంల కొత్తగ చేరుత."

"ఇంటర్ మెమో, పదో తరగతి మెమో ఎవరి పేరు మీదున్నయ్?"

"వత్సల పేరు మీదనే."

"మరి రూపాలి బడికే పోలేదాయె" అన్నాడు. వెక్కిరింపు కాదు, పాపం, బాధగానే అన్నాడు. "మీ ఒక్కల మాట నడువది. మీ సార్‌తోని గాని మీ నాయినతోని గాని అఫిడవిట్ ఇప్పియ్యండ్రి, ఇద్దరొకటే అని. గెజెట్ల ఏపిద్దాం. జల్దీ చెయ్యండ్రి తాయీ."

ఒక్క సంతకం. అన్నం పెట్టాక అడిగాను. నందకిషోర్ ముద్ద దిగేదాకా ఆగి చెప్పాడు. "ఈమె పేరు వేరే అని గెజెట్ల ఏస్తే బ్యాంకోడు ఊకుంటడా? లోను, లైసెన్సు అన్నిటికీ మళ్ల కాగితాలు అడుగుతడు. గా సదువు గా పేరుతోనే పోయిందనుకో."

అత్తమ్మ అక్కడే తోటకూర ఒలుస్తోంది. ఆమె కూడా ఒకనాడు పేరు పోగొట్టుకున్న మనిషే కదా అని ఆశపడ్డాను. "మీ పుట్టింటి పేరేంది అత్తమ్మా?" అని అడిగాను. చేతిలో కాడ విరవడం ఆపింది. "గంగమణి. పిలిచేటోళ్లంత సచ్చిపోయిండ్రు." ఇంకో కాడ అందుకుంది. "పొయ్యి మీద పాలు చూడు, రూపాలీ."

ఆ సంతకం నువ్వయినా పెట్టమని మా నాన్నకు ఫోన్ చేశాను. "అల్లుడు వద్దన్నంక నేనేం జేస్త బిడ్డా, నీ సంసారం నువ్వు చూస్కో" అన్నాడు. ఆయన దృష్టిలో కూతురి చదువు కట్నంతో పాటే అప్పజెప్పేశాడు. అది అత్తింటివాళ్ల సొత్తు, దాచుకుంటారో పారేస్తారో వాళ్లిష్టం.

జూన్ అయిపోయింది. నాగనాథ్ తనే ఫోన్ చేసి, "పోర్టల్ బందయింది తాయీ, ఇగ మొదటి ఏడువి చెల్లయి" అని చెప్పాడు. మిక్సీ వేసుకుని ఏడ్చాను, బయటికి వినపడకుండా. నా చేతుల్లోనే ఎవరో చచ్చిపోయినంత ఏడుపు వచ్చింది. ఇంట్లో చావు ఎవరికీ తెలియలేదు. చట్నీ మరీ మెత్తగా అయిందని అత్తమ్మ తిట్టింది, ఏ అడ్డమూ లేకుండా, రూపాలీ అని పిలిచి మరీ.

వారం తర్వాత లోను రెన్యువల్‌కని బ్యాంకు మనిషి అంబాదాస్ దుకాణానికి వచ్చాడు. నందకిషోర్ అతనికి చాయ్ తెప్పించి, కాగితాలు నా ముందుకు తోసి పెన్ను మూత తీసి ఇచ్చాడు. "గిక్కడ, గిక్కడ, కింద గిక్కడ."

పెన్ను పక్కన పెట్టాను. దుకాణం ముద్ర వేసే ఇంకు ప్యాడ్ దగ్గరికి లాక్కుని, ఎడమ చేతి బొటనవేలు అద్ది, ఆయన చూపించిన చోట నొక్కాను.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు నందకిషోర్.

అంబాదాస్ చాయ్ కింద పెట్టాడు. "వేలిముద్ర అయితే కష్టం సేట్. ఇగ ప్రతిసారి బ్యాంకుకు ఆమెనే రావాలె. మీతోని కాదు."

"మజాక్ బంద్ చెయ్యి, రూపాలీ. మొన్నటిదాక పెట్టినవ్ గదా, సంతకం పెట్టు."

"సంతకం వత్సలకు వస్తది" అన్నాను, రెండో చోట వేలు నొక్కుతూ. "రూపాలి బడికి పోలే."