లేవని బంతి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నేను రేపట్నుంచి చేపల పులుసు ముట్టను. ఇంతకంటే పెద్ద ఒట్టు నాకు తెలీదు.

కృత్తివెన్ను అవతల దిగువపాలెంలో మహాలక్ష్మి ఉండేది. రోజూ పొద్దున్నే చేపల గంప ఆటోలో వేసుకుని బందరు వెళ్లేది. ఆమె కేకేస్తే మూడు వీధుల పిల్లులు వరసకట్టి నిలబడేవి. అలాంటి మనిషి ఆ ఏడు గంప బోర్లించి ఇంట్లో కూర్చుంది. ఎగువపాలెం వాళ్లు ఏరు సముద్రంలో కలిసే మొగకి అడ్డంగా పడవలు కట్టేశారు మరి. రాజీ పడితేనే దారిస్తామన్నారు.

తొమ్మిదేళ్ల కిందట వలల తగాదాలో ఎగువపాలెం మగాళ్లొచ్చి దిగువపాలెం తగలబెట్టారు. బయటికి పరిగెత్తినవాళ్లను నరికారు. ఇంటికొకరు పోయారు, మహాలక్ష్మి మొగుడు నాంచారయ్యతో సహా. ఆమె మడచెట్ల మధ్య ముక్కుదాకా నీళ్లలో మునిగి, ఆ మంటల వెలుగులో మొహాలు చూసింది. కేసు నత్త మీద సవారీ చేస్తూ వచ్చింది. సాక్షులంతా ఒక్కొక్కరే చూళ్లేదనేశారు. మిగిలింది ఆమె. సోమవారం బందరు కోర్టులో వాయిదా.

రాజీ కుదిర్చింది గంగన్న. ఎగువపాలెం పెద్దమనిషే గానీ, గొడవ రోజున అవనిగడ్డలో ఉన్నానంటాడు. తర్వాత ఆమె ఇంటికి బియ్యం మోసిందీ ఆయనే.

"చూళ్లేదను అమ్మాయ్, ఒక్క మాట."

"చూశాను కదా మావయ్యా. కళ్లు మూస్తే నాంచారయ్యే కనిపిస్తాడు."

"తెరువు మరి. మీ పాలెం పిల్లల డొక్కలు కనిపిస్తాయి."

మహాలక్ష్మి తలూపింది. ఆ గంగన్న మీద గురి అలాంటిది.

రాజీకి కట్టుబాటు ఒకటుంది. రెండు పాలేలూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. అందరూ ఒక్కసారే లేచి చెయ్యి కడుక్కోవాలి. అంతటితో పగ చెల్లు, మళ్లీ ఎవరూ నోరెత్తకూడదు. మధ్యలో ఒక్కరు లేచినా రాజీ చెడినట్టే. వెనకటికి ఒకాయన తేలు కుట్టినా కదలకుండా మజ్జిగ దాకా తిన్నాడు!

ఆదివారం మధ్యాహ్నం విస్తళ్లు వేశారు. పడవంత గుండిగల్లో పండుగొప్ప చేపల పులుసు, రొయ్యల వేపుడు. అందరి ఆకులూ ఖాళీ అయ్యాయి, ఎగువపాలెంలో కొందరివి తప్ప. వాళ్లు ముద్ద తీస్తే చెలమలో నీళ్లలా అన్నం ఊరుతోంది. ఎవరూ వింతపడలేదు.

"పులుసు వెయ్యనా బాబాయ్?" అన్నాడు వడ్డించే కుర్రాడు.

"వెయ్యరా. ఏం చేస్తాం."

వాళ్లు ముగిస్తే గానీ ఎవరూ లేవడానికి లేదు. పొద్దు గూకింది, మళ్లీ పొడిచింది. కాళ్లు కొయ్యబారాయి. దోమలు మాత్రం కడుపారా భోంచేశాయి. కోర్టు టైము దగ్గరపడుతోంది. బంతి లేవకపోతే మహాలక్ష్మి బందరు వెళ్లడానికి లేదు. లేస్తే వెళ్లి అబద్ధం చెప్పాలి. ఎంగిలి చెయ్యి ఎండిపోతుంటే నిండు ఆకులన్నీ చూసింది. వాటి ముందున్నవన్నీ మంటల్లో చూసిన మొహాలే.

అప్పుడు పక్కకి చూసింది. గంగన్న ఆకు అంచు మడిచి ఏదో కప్పుతున్నాడు.

"మావయ్యా, మీకింకా అన్నం ఉందే!"

"ఆకల్లేదమ్మా."

"తుండుగుడ్డతో మొహం కట్టుకున్నవాడొకడు నాంచారయ్యని కదలకుండా పట్టుకున్నాడు. వాడెవడో ఇన్నాళ్లూ తెలీలేదు."

గంగన్న గబగబా రెండు ముద్దలు మింగాడు. ఆకులో మళ్లీ అంతే అన్నం.

మహాలక్ష్మి లేచింది.

"కూర్చోవే! పడవలు కదలవు, పిల్లలు మాడి చస్తారు!" అని తోటికోడలు దుర్గాదేవి చీర కుచ్చెళ్లు పట్టుకుంది.

"మొగకి కాపలా కాసేవాళ్లంతా ఇక్కడే ఆకుల ముందున్నారు. వెళ్లి విప్పుకోండి."

చెయ్యి కడుక్కోకుండానే బందరు బస్సెక్కింది. అదే ఎంగిలి చేత్తో బోనెక్కి, చూసిన పేర్లన్నీ చెప్పింది. "గంగన్న మొహం చూళ్లేదండీ. ఆకు చూశాను" అంది. జడ్జిగారు "ఆకు" అని రాయించారు.

మిగతావాళ్లు లేచి పడవలు విప్పుకున్నారు. నిండు ఆకుల వాళ్లు మాత్రం లేవలేకపోయారు. పట్టుకోవడానికొచ్చిన పోలీసులు లేపలేక, చుట్టూ కుర్చీలేసుకుని కాపలా కూర్చున్నారు. తీర్పు ఇంకా రాలేదు. అన్నమూ అవలేదు.

ఎంత పాపిష్టివాడైనా ఉత్త అన్నం ఎలా తింటాడు? నోరు తెరుచుకుని వింటున్నావు గానీ, లే. ఆ చారు బకెట్టు పట్టుకెళ్లి, అదిగో ఆ బంతిలో వరసగా వడ్డించు. గంగన్న వద్దంటే ఇంకో గరిటె వెయ్యి.