లోపలి కుర్చీ

"అదిగో, అదిగో, చూశారా? అదే మా ఆవిడ మోచెయ్యి" అని క్లైవ్ టీవీ వైపు వేలు చూపించే సమయానికి హిలరీ ఎప్పుడూ వంటింట్లోనే ఉండేది. గ్రేవీ కలుపుతూనో, ఉడికిన క్యారెట్ల నీళ్ళు వంపుతూనో ఆ మాట వినేది. వెనకాలే చుట్టాల నవ్వులు వినిపించేవి. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా భోజనానికి ముందు ఆ కచేరీ వీడియో పెట్టడం క్లైవ్‌కి ఆచారం. మొదట్లో అది క్యాసెట్టు, అది అరిగిపోయాక డిస్కు. ఇంగ్లండులోని ఆ వాల్సాల్ ఊళ్ళో క్లైవ్ వయసు మగాళ్ళకి స్టోన్ ఫెర్రీ బ్యాండంటే చర్చి కన్నా ఎక్కువ. ఆ చుట్టుపక్కల ఇనుప కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళ కొడుకులే ఆ నలుగురూ, పొడుగు జుట్లు పెంచి, గిటార్లు తగిలించుకుని ప్రపంచమంతా తిరిగొచ్చారు. నడివయసులో పడ్డాక బర్మింగ్‌హామ్‌లో ఒక పెద్ద ఆర్కెస్ట్రాని వెంటబెట్టుకుని కచేరీ చేశారు. ఆ ఆర్కెస్ట్రాలో హిలరీ వయోలా వాయించింది. రెండు గంటల వీడియోలో ఆమె వాటాకి వచ్చింది ఒక మోచెయ్యి, అది కూడా గిటారు వాయించేవాడి భుజం సందులోంచి.

వయోలా వయొలిన్‌కి అక్క లాంటిది. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పెళ్ళింట్లో అక్కలాగే చాకిరీ అంతా తనది, ఫోటోల్లో మాత్రం చెల్లెలు. ఆర్కెస్ట్రాలో ఇలాంటివి వాయించేవాళ్ళకి ఇద్దరిద్దరికి ఒక స్టాండు, దాని మీద ఒకటే స్వరాల పుస్తకం ఉంటుంది. జనం వైపు కూర్చున్నవాళ్ళది బయటి కుర్చీ, అవతలి పక్కవాళ్ళది లోపలి కుర్చీ. పేజీ అయిపోవస్తే లోపలి కుర్చీ మనిషి వాయించడం ఆపి, చెయ్యి చాపి, పేజీ తిప్పాలి. బయటి కుర్చీ మనిషి ఆగకుండా వాయిస్తూ పోతాడు. ఆర్కెస్ట్రాలో ఉన్నన్నాళ్ళూ హిలరీది లోపలి కుర్చీయే. బయటి కుర్చీలో గోర్డన్ అనే బట్టతల పెద్దాయన ఉండేవాడు. ఎవరూ దాన్ని అవమానమనుకోరు, హిలరీ కూడా అనుకోలేదు. అది పద్ధతి.

ఆ కచేరీలో స్టోన్ ఫెర్రీ వాళ్ళ పడవ పాట ఒకటుంది. ఊళ్ళో పిల్లాజెల్లా అందరికీ వచ్చిన పాటే. ఆ రోజు కోసం దాని నడుమ గిటార్లూ డ్రమ్ములూ ఆగిపోయి, వయోలాలు మాత్రమే పాడేలా కొత్తగా రాశారు. వయోలాలకి రాగం దొరకడం అమావాస్యకో పున్నానికో జరిగే ముచ్చట. హిలరీ ఆ రాగాన్ని ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి, పాకే పిల్ల బెథనీ కాళ్ళ దగ్గర గిన్నెలు మోగిస్తుంటే, వందసార్లు సాధన చేసింది. నోటికొచ్చేసింది. కచేరీ నాడు ఆ ఘట్టం రాగానే కళ్ళు మూసుకుంది. పేజీ తిప్పాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. ఆమె కళ్ళు తెరిచేసరికి గోర్డన్ చెయ్యి పుస్తకం మీద ఉంది. పేజీ అతనే తిప్పుకున్నాడు.

కచేరీ అయ్యాక వరండాలో వయోలాల నాయకుడు అందరూ వింటుండగా, "లోపలి కుర్చీకి ఉన్నదొక్కటే పని. అదీ చేతకాకపోతే ఎలా?" అన్నాడు. కారులో ఇంటికొస్తూ హిలరీ ఏడుస్తూ క్లైవ్‌కి చెప్పుకుంది. పాట మధ్యలో తన వల్ల రాగం తెగిపోయింది, అంతమంది ముందు పరువు పోయింది అంది. క్లైవ్ ముందు ఓదార్చాడు, తరవాత నవ్వాడు. అంతటితో వదిలిపెట్టి ఉంటే బాగుండేది. టోస్టు మాడితే, పాలు తేవడం మర్చిపోతే, బెథనీ స్కూలు చీటీ మీద సంతకం పెట్టకపోతే, "హిల్ మళ్ళీ పేజీ తిప్పడం మర్చిపోయింది" అనేవాడు. పిల్ల కూడా నేర్చుకుంది. అత్తగారు డోరీన్ కూడా నేర్చుకుంది. పక్కింటివాళ్ళకి కూడా వచ్చు ఆ సామెత. హిలరీకి కోపమొస్తే, "సరదాకన్నాం, దానికే ఇంత మొహం పెట్టుకోవాలా?" అనేవారు.

కచేరీ అయిన మరుసటేడు డోరీన్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. "అమ్మ కోలుకునేదాకా, రెండు నెలలు" అని క్లైవ్ ఆవిణ్ణి తెచ్చి ముందుగదిలో మంచం వేశాడు. ఆ రెండు నెలలు ఇంకా అవుతూనే ఉన్నాయి. కచేరీలంటే సాయంత్రాలు కాబట్టి హిలరీ ఆర్కెస్ట్రా మానేసి, పగటిపూట పళ్ళడాక్టరు దగ్గర రిసెప్షన్ బల్ల ఉద్యోగంలో చేరింది. "నువ్వు లేకపోతే ఈ క్లినిక్ ఒక్క రోజు నడవదు హిలరీ" అనేవాడు డాక్టరు. జీతం పెంచమన్నప్పుడు మాత్రం చక్కగా నడిచేది. వయోలా బీరువా మీదకి ఎక్కింది. నెలకోసారి ఎవరూ లేనప్పుడు దింపి, దుమ్ము తుడిచి, తంత్రులు సరిచేసి కాసేపు వాయించి మళ్ళీ పైన పెట్టేది. తను లేకపోతే ఈ ఇంట్లో ఏదో ఒకటి తెగిపోతుందని ఆమెకి గట్టి నమ్మకం. ఒక్కసారి కళ్ళు మూసుకున్నందుకు ఏమైందో చూసింది కదా.

క్లైవ్ అరవయ్యో పుట్టినరోజుకి ముందు వారం పాత స్నేహితురాలు మోయిరా ఫోను చేసింది. ఊరి ఆర్కెస్ట్రాలో వయోలా కుర్చీ ఒకటి ఖాళీ అయింది, సాధన గురువారం సాయంత్రాలు, ఆదివారం సాయంత్రంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ వారమంతా హిలరీ ఆ మాటని నోట్లో పెట్టుకుని తిరిగింది. చివరికి పుట్టినరోజు ఆదివారం పొద్దున్న, క్లైవ్ గుడ్లూ బేకనూ తింటూ ప్రసన్నంగా ఉన్నప్పుడు బయటపెట్టింది.

"గురువారాలా?" అన్నాడు క్లైవ్. "గురువారం పబ్బులో నా క్విజ్ కదా. అమ్మకి భోజనం పెట్టి పడుకోబెట్టేదెవరు?"

"క్విజ్ రెండు వారాలకోసారి మానుకోవచ్చేమో."

"నేను లేకపోతే మా జట్టులో చరిత్ర ప్రశ్నలు ఎవరు చెప్తారు? చూడు, నేనేం వద్దనట్లేదు. ఆలోచించుకో అంటున్నాను. ఇన్నేళ్ళు ముట్టుకోలేదు. తీరా వెళ్ళి అక్కడ మళ్ళీ పేజీ మర్చిపోయావనుకో..." అని తనే నవ్వి, టోస్టు మీద వెన్న రాసుకున్నాడు.

వద్దనకుండా వద్దనడం ఒక విద్య. అందులో క్లైవ్ ఆరితేరినవాడు. చెడ్డవాడు కాడు, తిట్టడు, కొట్టడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు. అందుకే అతని మీద ఫిర్యాదు చెయ్యడానికి హిలరీకి ఎప్పుడూ సరైన మాట దొరికేది కాదు. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, సాయంత్రం మోయిరాకి కుదరదని చెప్పెయ్యాలనుకుంది. అలా అనుకుని, దుంపలు తరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం, పెద్దదై స్టాఫర్డ్ ఊళ్ళో ఉంటున్న బెథనీ వచ్చింది. తండ్రికి కానుకగా స్టోన్ ఫెర్రీ కచేరీ కొత్త డిస్కుల పెట్టె తెచ్చింది. పాత రీళ్ళన్నీ బయటికి తీసి, శుభ్రం చేసి, ఇదివరకు వాడకుండా వదిలేసిన కెమెరాల దృశ్యాలతో రెండో డిస్కు వేశారట. క్లైవ్ చిన్నపిల్లాడిలా పెట్టె విప్పాడు. డోరీన్‌ని చక్రాల కుర్చీలో టీవీ ముందుకి తెచ్చారు. "మళ్ళీ ఆ జులపాలవాళ్ళేనా" అని ఆవిడ మూతి తిప్పింది.

"అమ్మా, ఇవాళ నువ్వు కూడా కూర్చోవాలి" అంది బెథనీ.

"పుడ్డింగులు ఓవెన్‌లో ఉన్నాయే. పొంగాలి."

"వాటంతట అవే పొంగుతాయి. నువ్వు నిలబడి చూస్తే ఎక్కువ పొంగుతాయా? కూర్చో."

హిలరీ సోఫా అంచున కూర్చుంది, లేవడానికి వీలుగా. ఆ వీడియోని ఆమె ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. పడవ పాట వచ్చేసరికి వంటింట్లో ఏదో ఒక పని ఉండేది, లేకపోతే కల్పించుకునేది. ఈ రెండో డిస్కులో కెమెరా స్టేజీ పక్కనుంచి చూస్తోంది. గిటార్ల వాళ్ళ వీపులు కనిపిస్తున్నాయి, వాళ్ళ వెనక ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నవాళ్ళంతా వెలుగులో ఉన్నారు. పాట మొదలైంది. హిలరీ లేవబోయింది, బెథనీ చెయ్యి పట్టుకుంది. గిటార్లు ఆగాయి. వయోలాల గొంతు లేచింది. కెమెరా మెల్లగా వాళ్ళ మీదుగా జరిగి, ఒక స్టాండు దగ్గర నిలిచిపోయింది.

కళ్ళు మూసుకుని ఒకమ్మాయి వాయిస్తోంది. ఒళ్ళంతా రాగంతో ఊగుతోంది. తల ఒక పక్కకి వాలి, పెదవుల మీద తనకే తెలియని నవ్వు ఉంది. పక్కన గోర్డన్ పేజీ చివరికొచ్చాడు, ఒకసారి ఆమె వంక చూశాడు. విసుక్కోలేదు. నిద్రపోతున్న పసిపిల్లని లేపడం ఇష్టంలేని మనిషిలా, కమాను దింపి, పేజీ తనే తిప్పి, నవ్వుకుని, మళ్ళీ అందుకున్నాడు. అంతే. రాగం తెగలేదు. ఎక్కడా కాస్త కూడా తడబడలేదు. ఆ గడియలో దాన్ని పట్టి నిలబెట్టినవాళ్ళలో లోపలి కుర్చీ అమ్మాయి ఒకతె.

"అదేనా ఆ పేజీ?" అని క్లైవ్ పకపకా నవ్వాడు. "పాపం గోర్డన్, చూడండి, తనే తిప్పుకోవాల్సొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. డోరీన్ ముందుకి వంగి, కళ్ళజోడు ఎడమచేత్తో సర్దుకుంది.

"ఎవరా పిల్ల?"

"అమ్మే, నానమ్మా" అంది బెథనీ.

"హిలరీయా?" డోరీన్ టీవీని చూసింది, కోడల్ని చూసింది, మళ్ళీ టీవీని చూసింది. "ఈ మొహం మా ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదే."

ఆవిడ దెప్పడానికి అనలేదు. ఉన్నమాట అంది. హిలరీకి ముందు సిగ్గేసింది, తరవాత ఏడుపొచ్చింది, ఆ రెంటి వెనకాల సంతోషం లాంటిదేదో లేచి నిలబడింది. ఇన్నేళ్ళూ తను తప్పు అనుకుని మోసింది ఇదా? తన జీవితంలో అన్నిటికన్నా బాగున్న నిమిషాన్ని వీళ్ళు సామెత చేసి ఇంటింటా పంచిపెడితే, తనూ నమ్మిందా? ఒక పేజీ తను తిప్పలేదు. ఇంకొకళ్ళు తిప్పారు. ఆకాశమేమీ విరిగిపడలేదు. విరిగిపడుతుందని భయపడి తను ఎన్ని గురువారాలు ఈ ఇంటికి ఒప్పజెప్పిందో తలుచుకుంటే కోపమొచ్చింది. ముందు వరండాలో అరిచినాయన మీద, తరవాత క్లైవ్ మీద, అందరికన్నా ఎక్కువ తన మీద.

"ఆ రిమోట్ ఇలా ఇవ్వు" అంది.

క్లైవ్ ఆశ్చర్యంగా ఇచ్చాడు. ఆ ఇంట్లో అది ఆమె చేతికి రావడం సోఫా కింద ఊడ్చినప్పుడే. వెనక్కి తిప్పి ఆ ఘట్టం మళ్ళీ పెట్టింది. వంటింట్లో ఓవెన్ గంట మోగింది.

"హిల్, ఓవెన్ కూస్తోంది."

"వినిపించింది."

అది కూస్తూనే ఉంది. టీవీలో అమ్మాయి వాయిస్తూనే ఉంది. క్లైవ్ భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు, కూతురు వంక చూశాడు. చివరికి లేచాడు. వంటింట్లోంచి సొరుగులు లాగుతున్న చప్పుడు.

"ఆ వేడివి పట్టుకునే గుడ్డ తొడుగులు ఎక్కడుంటాయి?"

"ఉండే చోటే" అంది హిలరీ. బెథనీ మొహం దిండులో దాచుకుంది.

పుడ్డింగులు, గ్రేవీలో నంజుకునే ఆ పిండి బుట్టలు, పొంగాయి, అంచుల్లో కాస్త నల్లబడ్డాయి. క్లైవ్ వాటిని బల్ల మీద పెట్టి, వేలు కాలిందని చూపించాడు. డోరీన్ ఒకటి తీసుకుని గ్రేవీలో ముంచి నమిలింది. "మాడింది" అంది. "చచ్చిపోంలే." ఇంకొకటి తీసుకుంది.

అందరూ తింటుండగానే హిలరీ లేచి, గోడకున్న ఫోను అందుకుంది.

"మోయిరా, నేను హిలరీని. ఆ కుర్చీ నాకు ఉంచు. వచ్చే గురువారమే వస్తున్నాను." అవతల మోయిరా ఏదో అడిగింది. "లోపలిదైనా పర్లేదు, బయటిదైనా పర్లేదు. కూర్చుంటాను."

ఫోను పెట్టేసి వచ్చి కూర్చుంది. ఒక దుంప ముక్క తీసుకుని తింది, రుచిగానే ఉంది. క్లైవ్ ఫోర్కు దింపాడు. అతని మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది.

"అది కాదు హిల్, మరి గురువారం అమ్మ భోజనం, మందులు, నా క్విజ్, ఇవన్నీ ఎవరు..."

"గురువారం పేజీ నువ్వు తిప్పు, క్లైవ్" అంది హిలరీ, గ్రేవీ గిన్నె అతని వైపు జరిపి. "నేను వాయించుకోవాలి."