వీపు వెనక మనిషి

గౌదెంజియో కార్ల పందెం బాట చివరి మలుపు అంచున రాళ్ళపొడి ఊడుస్తున్నాడు. మోంజా ఉద్యానవనంలో ఏడాది పొడుగునా ఎండుటాకులు ఊడ్చే చీపురే అది. కంచెమొక్కలు కత్తిరించీ కత్తిరించీ అతని కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. గోళ్ళ సందుల్లో ఆకుపసరు ఏ సబ్బుకీ వదలకుండా నల్లగా ఉండిపోయింది. దవడ కింద గీసుకోని వెంట్రుకల కుచ్చు ఒకటి మిగిలింది. భార్య ఎర్మీనియా బతికుండగా అలాంటిది చూస్తే గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఒరెస్తె కట్ట ఎక్కి వస్తున్నాడు. ఎర్మీనియా తమ్ముడు. మిలాన్‌లో ట్రామ్ నడిపి రిటైరై ఇంటికి చేరినవాడు. ఈ ఏడు ముఖం పాలిపోయి మైనంలా ఉంది. ఆ కాస్త ఎత్తుకే రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. గౌదెంజియో అది చూశాడు. చీపురు ఆపలేదు.

"ఎండ మండిపోతోంది బావా."

గౌదెంజియో చీపురుతో అవతలి పక్కకు జరిగాడు. ఒరెస్తె ఇసుక మూట మీద కూర్చుని జేబురుమాల్లోంచి పీచ్ పండు తీశాడు. చాకుతో రెండుగా కోశాడు. గింజ ఉన్న సగం తాను తిన్నాడు. రెండో సగాన్ని, కోసిన ముఖం పైకి ఉండేట్టు, మూట మీద పెట్టాడు. గౌదెంజియోకు ముందుపళ్ళు లేవు, గింజ తగలకూడదని. ఏటా పెడతాడు. ఏటా అది అక్కడే వాడిపోతుంది.

ఆ మలుపు కాపలావాళ్ళకు పెద్ద మావ్రిలియో జెండాలు పట్టుకొచ్చాడు. జున్ను కొట్టు నడిపే పడుచువాడు. చేతికి కట్టుకున్న పట్టీ చూసుకుని మురుస్తున్నాడు.

"ఏం పెద్దాయనా, ఈ ఏడైనా మీ బావామరుదులు మాట్లాడుకుంటారా? లేకపోతే జెండాలే మాట్లాడుకోవాలా?"

"జెండా ఇటివ్వు" అన్నాడు గౌదెంజియో.

అతనిది నీలం. ఒరెస్తెది పసుపు. ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడాలి. వచ్చే కార్లను గౌదెంజియో చూస్తాడు, వెనక వేగంగా వస్తున్నదానికి దారిమ్మని నెమ్మది కారుకు నీలం ఊపుతాడు. వెళ్ళిన కార్లను ఒరెస్తె చూస్తాడు. అటు ఏదైనా బోల్తా పడితే పసుపు ఊపుతాడు. ఏ కారైనా అదుపు తప్పి మీదికొస్తే గౌదెంజియో మోచేత్తో పొడవాలి, అప్పుడు ఇద్దరూ కట్ట వెనక్కి దూకాలి. ఆఖరి కారు దాటేదాకా తల తిప్పకూడదు. అందుకే ఇన్నేళ్ళలో ఒక్క పందెం ఎవరు గెలిచారో గౌదెంజియో కళ్ళతో చూడలేదు. గెలుపు గీత ఒరెస్తె చూసే పక్కన ఉంది. ఒకప్పుడు ఒరెస్తె చెప్పేవాడు, కేకలు పెడుతూ, వీపు మీద గుద్దుతూ.

అది ఎర్మీనియా పోకముందు సంగతి.

ఆమె పోయింది కూడా పందెం రోజునే. ఆస్పత్రి నుంచి పక్కింటావిడ సైకిలు తొక్కుకుంటూ వచ్చి కంచె దగ్గర నిలబడింది. ఆమె నిలబడింది ఒరెస్తె వైపు. "ఎర్మీనియా ఆయన్ని అడుగుతోంది, వెంటనే రమ్మంటోంది" అంది. "రేసు అయ్యాక చెప్తా" అన్నాడు ఒరెస్తె. బావ వెళ్ళిపోతే మలుపుకు కళ్ళుండవని, అక్క సాయంత్రం దాకా ఉంటుందని అనుకున్నాడు. ఆమె ఉండలేదు. రేసు అయ్యాకే కబురు తెలిసి గౌదెంజియో నీలం జెండాతోనే ఆస్పత్రికి వెళ్ళాడు. దుప్పటి అప్పటికే ముఖం మీదికి లాగేశారు.

ఆ రోజు నుంచి బావమరిదితో ఒక్క మాట లేదు. అయినా చోటు వదల్లేదు. తను మానేస్తే, వాడు చేసింది మరిచిపోయి హాయిగా ఉంటాడు.

పందెం మొదలైంది. అలాంటిది మోంజా మళ్ళీ చూడలేదని తరవాత అందరూ చెప్పుకున్నారు. అయిదు కార్లు ఒకదాని తోకకు ఒకటి అంటుకుని, ముందున్నదాని గాలిచాటున దాక్కుని వచ్చాయి. ప్రతి చుట్టుకీ ముందు వచ్చేది మారిపోయింది. జనం మనవాడనుకునే డ్రైవరు ఎర్ర కారు ఒకసారి ముందుంటే మరోసారి అయిదోది. కంచె వెనక జనం గొంతులు చించుకున్నారు.

"తాతా, ఆ నీలం గుడ్డ మనవాడికి చూపించావంటే నీ మీసం పీకుతా!"

"నీ పెళ్ళాం మీసం పీక్కో ముందు!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

ఆఖరి చుట్లలో వెనక నుంచి ఒరెస్తె గొంతు వినపడింది. కార్ల మోత సన్నగిల్లిన ఆ కాస్త సందులో.

"బావా. ఒక్కసారి ఇటు తిరుగు."

గౌదెంజియోకు ఒళ్ళు మండింది. క్షమించమని ఏడవడానికి వీడికి వేళాపాళా లేదా అనుకున్నాడు. దానికి జవాబు అతని దగ్గర ఏళ్ళుగా సిద్ధంగా ఉంది. తోట ఊడుస్తూ, ఒంటరిగా సూప్ తాగుతూ, నోట్లోనే అనుకుంటూ ఉంచుకున్నది.

"రేసు అయ్యాక" అన్నాడు.

మాట తగలాల్సిన చోట తగిలిందని తెలిసింది. ఏమాత్రం సంతోషం కలగలేదు. కొంతసేపటికి వీపు మీద బరువు ఆనింది. ముందు భుజాల దగ్గర, తరవాత నడుం దాకా, మనిషి బరువంతా. ఒకప్పుడు గెలుపు చెప్పడానికి ఇలాగే ఆనుకునేవాడు. గౌదెంజియో ఒక అడుగు ముందుకు జరిగాడు.

బరువు పోయింది.

ఆఖరి చుట్టులో అయిదు కార్లూ మలుపులోకి కలిసే వచ్చాయి. ఎర్రది మూడోది. బయటి అంచున దుమ్ము లేపుకుంటూ రెండోదాన్ని దాటింది. ఇక మొదటిదే మిగిలింది. వేడిగాలి చెంపలను కొట్టి, అంతా అతని వెనక్కి వెళ్ళిపోయింది. అటు నుంచి ఒక్క కేక లేచింది. అది గెలుపు కేకో ఏడుపో తెలియలేదు. అయినా తల తిప్పలేదు. వెనకబడ్డ కార్లు ఒక్కొక్కటే దాటాయి. ఆఖరిది కూడా దాటింది.

కంచె విరిచి జనం రోడ్డు మీదికి పొర్లారు. ఒకడు అతని చొక్కా పట్టుకున్నాడు. "మనవాడేనా తాతా? గెలిచింది మనవాడేనా?"

గౌదెంజియో వెనక్కి తిరిగాడు.

ఒరెస్తె ఇసుక మూటలకు చేరబడి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు బారజాపాడు. పసుపు జెండా నేలకు తగలకుండా గుప్పిట్లో పైకే ఉంది. కళ్ళు గీత వైపు తెరిచే ఉన్నాయి.

"లే" అన్నాడు గౌదెంజియో. మళ్ళీ అన్నాడు. మూడోసారి పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు పలికి ఎన్నేళ్ళో అయింది.

మావ్రిలియో పరుగెత్తుకొచ్చి మెడ మీద చెయ్యిపెట్టి నాడి వెతికాడు. చేతి పట్టీ తీసి జేబులో కుక్కుకున్నాడు. "మీకు తెలీలేదా? ఏమీ చెప్పలేదా మీకు?"

"పిలిచాడు."

పాటలు పాడుతున్న జనం మధ్య నుంచి స్ట్రెచర్ వెళ్ళింది. కొందరు టోపీలు తీశారు. చాలామంది చూడలేదు. గౌదెంజియో వెంట వెళ్ళాడు, ఈసారీ చేతిలో నీలం జెండాతోనే. గెలిచిందెవరని దారిలో ఎవరినీ అడగలేదు. ఎవరో చెప్పబోతే చెవులు మూసుకున్నాడు.

మలుపు ఖాళీ అయ్యేసరికి ఎండ వాలింది. ఇసుక మూట మీద సగం పండు అలాగే ఉంది. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. గింజ తీసేసిన గుంటలో టైర్ల నుసి నల్లగా పేరుకుంది.