డెమో క్లాసు చీర

నేను ఒక నేత చీరను. నా ఈడు చీరలు ఈపాటికి ఎన్నో పెళ్ళిళ్ళు చూసి ఉంటాయి. నేను మాత్రం ఒక్క పెళ్ళికీ వెళ్ళలేదు. వెళ్ళినవన్నీ ఇంటర్వ్యూలకే.

పుట్టింది మంగళగిరిలో, ఒక గుంట మగ్గం మీద. బూడిద రంగు ఒళ్ళు, మెరూన్ అంచు. నన్ను నేసినాయన పోగు తెగినప్పుడల్లా విసుక్కుంటూ ముడి వేసేవాడు. ఆయన భార్య పక్కనే కూర్చుని కండెలు చుడుతూ, "ఏ పిల్ల ఏ పెళ్ళికి కట్టుకుంటదో, కాస్త నిదానంగా నెయ్యి" అనేది. ఆ మాటలు విని నేను తెగ ఆశలు పెంచుకున్నాను. తీరా కొట్టుకు చేరాక నన్ను కొన్నది సుగుణకుమారి అనే అమ్మాయి. విజయవాడ మొగల్రాజపురంలో లేడీస్ హాస్టల్లో ఉంటూ, టీచరు ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరుగుతోంది. ప్రైవేటు బడుల్లో ఉద్యోగం ఇచ్చే ముందు డెమో క్లాసు చెప్పిస్తారు. దానికి చీర కట్టుకునే రావాలంటారు. చుడీదార్ వేసుకున్నవాళ్ళకు పాఠం రాదని కాబోలు. ఆ హాస్టలు గదిలో ఉన్న అమ్మాయిలందరికీ కలిపి అలా కట్టుకెళ్ళదగ్గ చీరను నేనొక్కదాన్నే.

సుగుణకుమారికి నన్ను కట్టిన కొద్ది రోజులకే ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "నాకు కలిసొచ్చింది, మీకూ కలిసొస్తుంది" అని నన్ను గదిలోనే వదిలేసింది. అంతే, నా పేరు లక్కీ చీర అయిపోయింది. వెంటనే ఒక ఆచారమూ పుట్టింది. ఉద్యోగం వచ్చినవాళ్ళు నన్ను ఉతక్కుండా తరవాతి అమ్మాయికి ఇవ్వాలి, ఉతికితే అదృష్టం పోతుందట. రానివాళ్ళు మాత్రం తప్పకుండా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించాలి. దురదృష్టం వదలాలి కదా! అంటే గెలిచినవాళ్ళు నాకు తమ చెమట అంటించి వెళ్ళిపోయేవారు, ఓడినవాళ్ళు నన్ను శుభ్రం చేసేవారు. మనుషుల లెక్కలు నాకు ఇప్పటికీ సరిగా అంతుపట్టవు. అయినా ఆ ఆచారం పుణ్యమా అని నాకు ఆ గదిలోనే ఉండే హైమావతి చేతులు తెలిశాయి. ఆమె ఉతికినన్నిసార్లు నన్ను ఇంకెవరూ ఉతకలేదు.

హైమది శ్రీకాకుళం జిల్లా సోంపేట. డిగ్రీలో లెక్కలు, ఆ తరవాత బీఈడీ. ఊళ్ళో ఆమె బావకు మందుల షాపు ఉంది. "జూన్‌లో బడులు తెరిచేదాకా చూడమను. అప్పటికీ రాకపోతే వచ్చేసి షాపులో కౌంటర్ చూసుకోమను" అని అక్క చేత చెప్పించాడు. మంచి మనసుతోనే అన్నాడు, కాదనను. కానీ హైమకు బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్నది ఒకటే కోరిక. పిల్లలకు లెక్కలు చెప్పాలి. తనను చిన్నప్పుడు భయపెట్టినట్టు కాకుండా, నవ్వుతూ నేర్చుకునేలా చెప్పాలి. కౌంటర్ వెనక కూర్చుంటే ఆ కోరిక అక్కడితో సరి.

డెమో క్లాసు అంటే పిల్లలుంటారనుకునేరు, ఉండరు. బెంచీల మీద ఆ బడి టీచర్లే పిల్లల్లా సర్దుకుని కూర్చుంటారు. బట్టతల ఉన్న ఆరో తరగతి కుర్రాడు, కళ్ళజోడు పెట్టుకున్న ఆరో తరగతి అమ్మాయి. చెయ్యెత్తి, "టీచర్, నాకు అర్థం కాలేదూ" అని గారాలు పోతారు. అన్నీ తెలిసినవాళ్ళు తెలియనట్టు అడుగుతుంటే హైమకు నోరు పెగిలేది కాదు. వాళ్ళను బాబూ అనాలా, సార్ అనాలా? ఒకసారి కంగారులో "సార్, ఇలా చూడు నాన్నా" అనేసింది. గది గొల్లుమంది. ఆ నవ్వుకు ఆమె ఎంత కుంచించుకుపోయిందో ఒంటిని అంటిపెట్టుకున్న నాకే తెలుసు. చివర్లో అందరూ ఒకటే అనేవారు, "మేమే ఫోన్ చేస్తాంలెండి" అని. ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు.

ఇంటర్వ్యూ నుంచి రాగానే ముందు నన్ను బకెట్లో నానబెట్టేది. పక్క మంచం మీది షహనాజ్‌ది తెనాలి. తనూ ఇంగ్లీషు టీచరు ఉద్యోగం కోసం తిరుగుతోంది.

"ఏందే, మళ్ళీ గంజి కాస్తున్నావా? ఇటివ్వు, ఈసారికి నేను ఉతుకుతా" అనేది షహనాజ్.

"వద్దే. నా దరిద్రం నానే ఉతుక్కుంటాను" అనేది హైమ. ఒకరోజు అలా అంటూనే ఏడ్చేసింది. నన్ను పిండి ఆరేసి, ముఖం కడుక్కుని వచ్చి, మంచం మీద దిండ్లన్నీ వరసగా నిలబెట్టింది. వాటికి భిన్నాలు చెప్పడం మొదలెట్టింది. వాటిలో షహనాజ్‌ది ఒకటి లేపి, "నువ్వు చెప్పురా, సగంలో సగం ఎంత?" అని అడిగింది. షహనాజ్ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అన్నిసార్లు కాదనిపించుకున్న పిల్ల ఆ సాయంత్రమే మళ్ళీ పాఠం ఎత్తుకుంటే, తీగ మీద తడిసి వేలాడుతున్న నేను చూస్తూ ఉండిపోయాను.

మే నెల చివర్లో పటమటలో ఒక డెమో పడింది. ఇదే ఆఖరిదని అక్కకు మాటిచ్చింది. షహనాజ్ నాకు కుచ్చిళ్ళు పెట్టి, భుజం మీద పిన్ను గుచ్చి పంపింది. హైమ ఆటో ఎక్కి, కంగారులో బడి పేరొక్కటే చెప్పి, పాఠం మననం చేసుకుంటూ కూర్చుంది. ఆ పేరుతో ఊళ్ళో పేటకొక బ్రాంచి ఉంది. ఏ బ్రాంచో ఆమె చెప్పలేదు, ఆటో ఆయన అడగలేదు. "ఇదేనమ్మా మీ స్కూలు" అని దించేసి వెళ్ళిపోయాడు.

వరండాలో ప్రిన్సిపల్ మేడమ్ ఎదురయ్యారు.

"డెమోనా? ఇక్కడెవరు పెట్టారమ్మా? ఇది సింగ్‌నగర్ బ్రాంచి."

హైమ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడెలితే అందుతానా మేడమ్?"

"పటమట ఈ మూల నుంచి ఆ మూలకు. నువ్వెళ్ళేసరికి వాళ్ళు టిఫిన్లు కూడా చేసేసి ఉంటారు."

హైమ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అంతలో పక్క గదిలోంచి కప్పు ఎగిరిపోయేంత గోల వినిపించింది. వేసవి క్లాసులకు వచ్చిన ఆరో తరగతి పిల్లలు. వాళ్ళ లెక్కల మాస్టారు చెప్పాపెట్టకుండా మానేశారట. మేడమ్ ఆ గది వైపు చూశారు, ఈ పిల్ల వైపు చూశారు.

"లెక్కలేనా నీది? ఎలాగూ వచ్చావు, ఈ ఎండలో ఎక్కడికి పోతావు గానీ, కాసేపు వాళ్ళను చూడమ్మా. నీకు పుణ్యముంటుంది."

వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. హైమ నా చెంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచింది.

భిన్నాలే మొదలుపెట్టింది. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగింది. ముందు బెంచీలో పిల్లాడు లేచి, "ఎనిమిదో వంతే టీచర్! నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా" అన్నాడు. సరిగ్గా ఇదే జవాబు బట్టతల ఆరో తరగతి కుర్రాడు చెప్పినప్పుడు ఆమె బిక్కచచ్చిపోయింది. ఈ పిల్లాడు మాత్రం నిజంగానే తెలియక చెప్పాడు. అతని ముఖం చూడగానే ఆమె భయం మర్చిపోయినట్టుంది. భుజం మీంచి వేలాడుతున్న నా చెంగును చాపి, ఇద్దరు పిల్లల చేత పట్టించింది. సగానికి మడిచింది. మళ్ళీ మడిచింది. ఇంకోసారి మడిచింది.

"ఏటిరా, ఇప్పుడు సెప్పు. ఏ ముక్క పెద్దది?"

ఆ "ఏటిరా"కు పిల్లలంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ పిల్లాడు నా మడతలను వేలితో తడిమి చూసుకుని, "ఓహో! ఎక్కువ ముక్కలు చేస్తే చిన్నవైపోతాయి టీచర్" అని అరిచాడు. ఆ అరుపు విన్నాక ఇంక నాకు పెళ్ళి భాగ్యం లేదన్న దిగులు పోయింది. ఒక పీరియడ్ అనుకున్నది మధ్యాహ్నం దాకా సాగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మేడమ్, బయటికి వచ్చాక, "రేపు కూడా రా. జూన్‌లో కూడా రా. హెడ్డాఫీసుతో నేను మాట్లాడతాను" అన్నారు.

హైమ గేటు బయట ఎండలోనే నిలబడి ఫోన్ చేసింది. "అక్కా, బావకి సెప్పు. కౌంటర్లో ఇంకెవర్నైనా పెట్టుకోమను."

గదిలో ఆ రోజు ఘనత ఎవరిదన్న దాని మీద పెద్ద చర్చ జరిగింది. అంతా చీర మహత్యమేనంది షహనాజ్. కాదు, ఆ ఆటో అన్నయ్యదే అంది హైమ. తరవాత చాలా రోజులు ఎక్కిన ప్రతి ఆటోలోనూ డ్రైవరు ముఖం కేసి చూసేది, ఒక దణ్ణం పెడదామని. ఆయన మళ్ళీ కనబడలేదు. నా మాట అడిగితే, ఆయనకు నేనూ రుణపడి ఉన్నాను. కాకపోతే అదే ఆటోలో దిండ్లకు పాఠం చెప్పని పిల్ల ఎవరైనా ఎక్కి ఉంటే, సింగ్‌నగర్‌లో దిగి, తిట్టుకుంటూ ఇంకో ఆటో ఎక్కేది.

ఆచారం ప్రకారం సుద్దపొడి దులపకుండానే నన్ను షహనాజ్ చేతిలో పెట్టింది హైమ. షహనాజ్ కూడా చాలాసార్లు ఉతికింది, చివరికి తెనాలిలోనే ఉద్యోగం తెచ్చుకుంది. ఆ తరవాత ఎందరో. నా రంగు వెలిసింది, మడత దగ్గర బట్ట పలచబడింది. నన్ను నమ్ముకుని గడప దాటిన ఆడపిల్లలందరి గుండె చప్పుడూ విన్నాను. ఇంతకంటే గొప్ప బతుకు పట్టుచీరలకు కూడా ఉంటుందని నేననుకోను.

మొన్న వేసవిలో నన్ను ఎస్తేరు అనే అమ్మాయి కట్టుకుంది. డెమో సింగ్‌నగర్ బ్రాంచిలోనే. గదిలోకి వెళ్ళేసరికి బెంచీల మీద టీచర్లు పిల్లల్లా కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్య హైమ! ఆమెనూ ఆరో తరగతి పిల్లను చేసి కూర్చోబెట్టారు. ఎస్తేరు బోర్డు వైపు తిరిగింది, ఇటు తిరిగింది. నోరు తెరిచింది, మాట రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. హైమ ఆ అమ్మాయిని చూసింది, నన్ను చూసింది, లేచి నిలబడింది.

"మేడమ్, మేం పిల్లలం కాదు గదండీ. పక్క గదిలో పిల్లలున్నారు, తీసుకొస్తాను."

"పద్ధతి అది కాదు కదా హైమా" అన్నారు ప్రిన్సిపల్.

"ఆ రోజు నా విషయంలో మీరు పద్ధతి చూడలేదండి."

 మేడమ్ తీసుకురమ్మన్నట్టు తలుపు వైపు చెయ్యి చూపించారు. హైమ వెళ్తూ వెళ్తూ ఎస్తేరు భుజం మీద జారిన నన్ను సర్ది, "రెండు నిమిషాలు ఓపిక పట్టమ్మా" అంది. టీచర్లు బెంచీలు ఖాళీ చేసి గోడవారకు జరిగారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చేశారు. ఇద్దరు కిటికీ పక్క చోటు కోసం తోసుకున్నారు. ఒక పిల్ల ఎస్తేరు దగ్గరికి వచ్చి ఆగి, పైనుంచి కింది దాకా చూసింది.

"మీరు కొత్త టీచరా?"

ఎస్తేరు నా చెంగును నడుముకు దోపుకుంది.

"అవును. వెళ్ళి కూర్చో" అంది.

ఆ పిల్ల వెళ్ళి కూర్చుంది.