ముక్కు మేస్త్రి పీట

ముక్కు మేస్త్రి పటకారుతో ప్లాస్టిక్ రేకు అంచు విరిచి, లైటరు వెలిగించి, ముక్కకి మంట అంటుకోగానే ఉఫ్‌మని ఊదాడు. లేచిన పొగని ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకోవడం అతని పాత అలవాటు. చూసేవాళ్ళకి ఏదో తపస్సు చేస్తున్నట్టుంటుంది. వేడి తగిలింది, ముక్కు లోపల కాస్త చురుక్కుమంది, అంతే. వాసన రాలేదు. కొన్ని నెలలుగా రావడం లేదు.

కళ్ళు తెరిచి, అంతా తెలిసినవాడిలా తలాడించి, ఆ ముక్కని పక్కన అనుమానపు కుప్పలోకి విసిరాడు. పొద్దుటినుంచి ఆ కుప్ప పెరుగుతూనే ఉంది.

ఊరవతల రేకుల షెడ్డు అది. ఊరంతా వాడి పారేసిన ప్లాస్టిక్ ఒక మూల కొండలా పడి ఉంటుంది. ఎంతమంది ఎంత పనిచేసినా ఆ కొండ తరిగిన రోజు లేదు. దాన్ని రకాలుగా విడదీసి, కడిగి, మిషన్లో కరిగించి, గింజలు చేసి అమ్ముతారు. పీట మీద కూర్చుని ఏది ఏ రకమో తేల్చేది మేస్త్రి. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తే బకెట్ల రకం. జుట్టు కాలినట్టుంటే తాళ్ళ రకం. ముక్కుపుటాలు కోసేసినట్టుంటే పైపుల రకం. ఈ పైపుల రకం మాత్రం మిగతావాటితో కలిసి మిషన్లోకి పోకూడదు. పోయిందా, విషప్పొగ కక్కుతుంది.

వాసన పోయిందని అతనికి ఇంట్లోనే తెలిసింది. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే, పక్కనే కూర్చుని తాపీగా గోళ్ళు తీసుకుంటున్నాడు. "ముక్కుందా, అలంకారానికి పెట్టుకున్నావా?" అని భార్య దులిపేసింది. అతను నవ్వేసి గిన్నె తోమడానికి కూర్చున్నాడు. ఆవిడకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

చెబితే పీట ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే ఎవరు కూర్చోవాలో ఓనరు ఎప్పుడో అనేశాడు. "నీ తర్వాత నీ కూతురే మేస్త్రీ. ఎన్నాళ్ళని ఖాళీగా ఉంటుంది?" మంచి మనసుతోనే అన్నాడు. అయినా ఆ మాట విన్న రోజునుంచీ మేస్త్రికి కంటిమీద కునుకు లేదు. తన సంగతి ఏమైనా కానీ, ఆ పిల్ల మాత్రం ఈ పీట మీద కూర్చోకూడదు. ఆమెకి ఉద్యోగం దొరికేదాకా ముక్కు పనిచేస్తున్నట్టే నెట్టుకురావాలి.

నెట్టుకొస్తున్నదీ ఆమె మీదే. అది తలుచుకుంటే అతనికి సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. చిన్నప్పుడు ఆ పిల్ల సాయంత్రాలు అతని చొక్కాలో ముఖం పెట్టి, "ఇవాళ బకెట్లు, సీసాలు, ఒక టీవీ డబ్బా" అని చెప్పేసేది. అతను మురిసిపోయి ఇరుగుపొరుగు వాళ్ళని పిలిచి మరీ చెప్పించేవాడు. ఇప్పుడామె డిగ్రీ మీద డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, మధ్యాహ్నాలు అతనికి అన్నం తెచ్చి పక్కన కూర్చుంటోంది. అప్పుడు అనుమానపు కుప్ప ముందుకు లాగి, "ఏదీ, ఇదేంటో చెప్పు చూద్దాం!" అంటాడు. ఆమె వాసన చూసి చెబుతుంది. "అదే!" అని అతను గోతంలో వేస్తాడు. నాన్నకింకా ఆ ఆట మీద మోజు తీరలేదని ఆమె నవ్వుకుంటుంది. ఆ పొగంతా పిల్ల ఛాతీలోకి పోతోందని అతనికి తెలుసు. ఎన్నాళ్ళులే, ఉద్యోగం వచ్చేదాకానే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటాడు.

ఇవాళ ఆమె రాదు. ఏదో ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. పొద్దున్నే బూట్లకి పాలిష్ పెట్టుకుని, తయారై వచ్చి, "ఎలా ఉన్నాను నాన్నా?" అంది. "ఆఫీసు నీదే అన్నట్టున్నావు" అన్నాడు. ఆమె సందు మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాడు.

కడిగే తొట్టి దగ్గర కుర్రాళ్ళు దగ్గుతూనే జోకులేసుకుంటున్నారు. అందరూ డిగ్రీలున్నవాళ్ళే. ఈ తొట్టికి యూనివర్సిటీ అని పేరు పెడదామని వాళ్ళ పాత హాస్యం. తొట్టి నీళ్ళు వెనక కాలవలోకి పోతాయి. కాలవ రోజుకో రంగులో ఉంటుంది.

"ఇవాళ ఆకుపచ్చ, అన్నా!" అని మిషనక్క కేకేసింది. కరిగించే మిషన్ నడిపేది ఆవిడే. "నిన్నటి ఎరుపే బాగుంది కదూ?"

మేస్త్రి నవ్వాడు. ఎండ రేకుల్లోంచి దిగి నెత్తిన కూర్చుంది. వానలు పడాల్సిన నెలలో ఈ ఎండేమిటని అడగడం కూడా జనం మానేశారు.

మధ్యాహ్నం దాటాక ఓనరు వచ్చి అనుమానపు కుప్పని కాలితో కదిపాడు. "ఏంటి మేస్త్రీ, ఇన్ని మిగిలిపోయాయి? సాయంత్రం లారీ వెళ్ళాలి. తొందరగా తేల్చు."

మిగిలినవన్నీ సన్నటి రేకులు. సీసాల రకమూ పైపుల రకమూ కవలపిల్లల్లా ఉంటాయి. పైపుల రకమైతే వెలిగించిన మంట తనంతట తనే ఆరిపోతుంది. ఆ గుర్తు చాలు. కానీ నెత్తిమీద పంకా తిరుగుతుంటే ప్రతి మంటా ఆరిపోతోంది. లేచి పంకా కట్టేశాడు. "చంపేస్తావా మేస్త్రీ!" అని తొట్టి దగ్గరనుంచి ఒకటే గోల. ఓనరు గదిలోంచి తొంగిచూశాడు. ముక్కున్నవాడికి పంకాతో పనేమిటని అడుగుతాడేమోనని మేస్త్రికి భయమేసింది. గబుక్కున మళ్ళీ వేసేశాడు.

అరచేయి అడ్డం పెట్టుకుని వెలిగించాడు. కొన్ని ఆరాయి, కొన్ని ఆరలేదు. అదైనా గాలివల్లో, రకంవల్లో చెప్పలేడు. పిల్లకి ఈపాటికి ఉద్యోగం వచ్చేసి ఉంటుందని అనుకున్నాడు. వచ్చేసి ఉంటే ఈ ఒక్కరోజు గడిస్తే చాలు. రేకుల్ని రెండు గోతాల్లోకీ పంచేసి, సీసాల గోతాన్ని మిషన్‌వైపు ఈడ్చాడు.

కాసేపటికి మిషన్ దగ్గర తెల్లటి పొగ లేచింది. మిషనక్క అరవబోయింది, గొంతు పెగల్లేదు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గుడ్డిదానిలా బయటికి పరిగెత్తింది. వెనకే అందరూ పరిగెత్తారు. మేస్త్రి గొంతు మండిపోతోంది, కళ్ళవెంట ధారలు కారుతున్నాయి. ఏ రకం కాలిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఓనరు మిషన్ ఆపించి బయటికొచ్చాడు. మిషనక్క నేలమీద కూలబడి ముఖం మీద నీళ్ళు కొట్టుకుంటోంది. ఆవిడ కళ్ళు తెరుచుకోవడం లేదు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు" అన్నాడు ఓనరు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని మేస్త్రికి అనిపించింది. "ఇలా దూరంగా రా. కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. లైటరు టిక్కుమంది. ముక్కు కింద వెచ్చగా తగిలింది.

"ఏంటిది?"

గట్టిగా పీల్చాడు. ప్రాణమంతా ముక్కులోకి తెచ్చుకుని పీల్చాడు.

"బకెట్ల రకం."

"కాగితం కదా నాన్నా!" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

అతను కళ్ళు తెరిచాడు. కూతురు గేటు దాటి వస్తోంది. తండ్రి కళ్ళు మూసుకుని ఉండటం చూసి, ఎప్పటి ఆటే అనుకుంది పాపం. ఓనరు చేతిలో నిజంగానే కాగితం ముక్క కాలుతోంది.

"నీకు తెలుస్తుందా అమ్మాయ్?" అన్నాడు ఓనరు.

"ఎందుకు తెలీదు సార్, రోజూ నాన్నకి నేనేగా చెప్తాను!" అంది గర్వంగా. అప్పుడు తండ్రి ముఖం చూసింది, కింద కూర్చున్న మిషనక్కని చూసింది. నవ్వు ఆగిపోయింది.

ఆమె తండ్రి దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

అతను పొగకి కారుతున్న కళ్ళు తుడుచుకున్నాడు. "వెళ్ళిన పని ఏమైంది?" అన్నాడు.

"గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆ పని ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోందట. లైను రోడ్డు చివరిదాకా ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "ముందే చెప్పొచ్చుగా నాన్నా."

"చెబితే నువ్వు కూర్చుంటావని."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, లారీ ఆపలేను. పొగ తగ్గింది. ఆ మిగిలినవి కాస్త చూసిపెట్టు. తర్వాత సంగతి రేపు మాట్లాడుకుందాం."

"వద్దు సార్!" మేస్త్రి ఆ షెడ్డులో గొంతెత్తడం అదే మొదలు. "నన్ను తొట్టి దగ్గర వేసుకోండి. గోతాలు మోస్తాను, కాలవ పూడిక తీస్తాను. దాన్ని మాత్రం వద్దు!"

"తొట్టి పనికి కుర్రాళ్ళే కాచుకుని ఉన్నారు మేస్త్రీ" అన్నాడు ఓనరు, నేలచూపులు చూస్తూ.

కూతురు అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వింటికెళ్ళు నాన్నా. ఎన్నాళ్ళు, కొన్నాళ్ళేగా."

పెళ్ళయిన కొత్తలో, ఇంతకన్నా మంచి పని దొరికేదాకా అని ఈ షెడ్డులోకి వచ్చిన రోజు, భార్యతో అతనూ అదే మాట అన్నాడు. ఆ సంగతి పిల్లకి చెప్పాలనుకున్నాడు. ఆమె అప్పటికే చెయ్యి వదిలేసి వెళ్ళిపోయింది.

లోపల నేలంతా బురద నీళ్ళు, వేడి ముక్కలు. ఆమె గుమ్మం దగ్గర వంగి, పరుగులో మిషనక్క వదిలేసిన రబ్బరు చెప్పులు వేసుకుంది. పల్చగా ఇంకా తేలుతున్న పొగలోకి నడిచింది. కాసేపటికి లోపలినుంచి లైటరు టిక్కుమంది. తర్వాత చిన్న దగ్గు వినిపించింది. మేస్త్రి గేటు దాకా వెళ్ళి, దాటబోతూ వెనక్కి తిరిగి చూశాడు.

గుమ్మం పక్కన, పొద్దున పాలిష్ పెట్టిన ఆమె నల్ల బూట్లు, ముందు కొసలు రోడ్డువైపు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.