కదిలిన ముఖం

సన్న కుంచె మొనను పెదవుల మధ్య తడిపి, ఫోటోలు దిద్దే సమాధానం మళ్లీ బల్లమీది ఫోటో మీదికి వంగాడు. నెల్లూరు స్టూడియోలో ఇన్నేళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. ముడతలు తీయడం, మశూచి మచ్చలు కప్పడం. ఊళ్లో పెళ్లికూతుళ్లంతా ఆయన చేతిలో నున్నబడినవాళ్లే గానీ, ఆయన పేరు మాత్రం ఏ ఫోటో వెనకా లేదు, పాపం.

చైనా యుద్ధం వచ్చిన ఏడాది అది. ఎదురుగా మాలకొండయ్య కూర్చున్నాడు. కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టేవాడు. తెల్లారితే భార్య పేరమ్మ పెద్దకర్మ. ఆమెకున్నది తిరణాళ్లలో తీయించిన ఒకే ఒక్క ఫోటో, అదీ కదిలిపోయింది. ముఖమంతా పొగ. దాన్ని పెద్దది చేసిన కాగితం ఇదొక్కటే. ఇంకోటి కావాలంటే మద్రాసు నుంచి రావాలి. చెయ్యి తప్పిందా, అంతే సంగతులు.

"కళ్లు మూసుకున్నా ఆమె ముఖం రావడంలేదయ్యా. భయంగా ఉండాది," అన్నాడు మాలకొండయ్య.

సమాధానం మొదట ఫోటోలోని ముక్కుపుడకను పట్టుకున్నాడు. చుక్కగా మెరవాల్సింది గీతగా సాగింది. పేరమ్మ ఎటు కదిలిందో, ఎంత కదిలిందో ఆ గీతే చెబుతోంది. మిగతా ముఖమూ అంతే జరిగి ఉంటుంది. ఆ లెక్కనే కన్నును, పెదవిని వెనక్కి జరుపుతూ, బ్లేడుతో గీకుతూ, సిరాతో నింపుతూ వచ్చాడు. ఉదయం నుంచి ఎడమ చెయ్యి ఒకటే లాగుతోంది. వేడి చేసిందిలే అనుకున్నాడు. మాలకొండయ్య ఎక్కాల్సిన ఆఖరి బస్సుకు ఇక ఎంతో పొద్దు లేదు.

"చూడు," అన్నాడు చివరికి.

మాలకొండయ్య చూసి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈమె ఎవరో మారాజుల బిడ్డయ్యా. నా పేరమ్మ కాదు."

సమాధానం ఫోటోను మళ్లీ తనవైపు లాక్కున్నాడు. "ఏం తప్పినాను? కన్నా? ముక్కా?"

"అమ్మవారు పోసిన మచ్చలేమైనాయి? చెంపల నిండా ఉండేవి గదా!"

అయ్యో! కదలికలో పడ్డ మరకలనుకుని, చేతి అలవాటు కొద్దీ అన్నీ తుడిచేశాడు! పుట్టి బుద్ధెరిగాక మచ్చ తీయడమే గానీ, పెట్టి ఎరగడు. ఊపిరి బిగబట్టి, మాలకొండయ్య చూపించినచోటల్లా చుక్క వేశాడు.

"ఈడ... ఈడ రెండు కలిసుండాయి..." మొదట తడుముకున్న వేలు రానురాను తొందరపడింది. "ఆఁ! వచ్చేసినాదయ్యా! ఇదే నా పేరమ్మ!"

సమాధానం నుదురు బల్లకు ఆనించి ఉన్నాడు. అలసిపోయాడేమోనని మాలకొండయ్య ఆయన భుజం తట్టాడు. చెయ్యి వేలాడిపోయింది.

ఆఖరి బస్సు వెళ్లిపోయింది. సమాధానం భార్య రెబెక్కమ్మ వచ్చి గొల్లుమనేదాకా మాలకొండయ్య శవాన్ని వదిలి కదల్లేదు. మిగిలిన పని తాను ముగించి ఇస్తానని స్టూడియో యజమాని కుంచె అందుకోబోతే, "వద్దయ్యా, తాకబాకండి," అని ఫోటోను గుండెకు హత్తుకున్నాడు. తెల్లవారుజాము బస్సులో ఊరు చేరాడు.

పెద్దకర్మలో దండ వేసిన ఆ పటంలో, పేరమ్మ ఎడమ చెంప మీద ఒక మచ్చ సగమే ఉంది.